ఇంటికొచ్చే మట్టి

పొద్దున ఎనిమిదిన్నరకు నోలీన్ దుకాణం తలుపు తీస్తుంది. ముందు టీకి నీళ్లు పెడుతుంది, ఆ తర్వాత చీపురు పడుతుంది. ముప్పై ఒక్క ఏళ్లుగా ఇదే వరస. మానుకా బెండ్ అనే ఆ కొండ ఊళ్లో మగవాళ్ల బూట్లు, చెప్పులు అమ్మే దుకాణం ఆమెదొక్కటే. ఇంకోటి కావాలంటే కనుమ దాటి తొంభై కిలోమీటర్లు పోవాలి. ఆ ఊరి మగవాళ్లా, అందరూ కాలికి బలపం కట్టుకున్నవాళ్లే. ఒకడికి వేట, ఒకడికి చేపలు, ఒకడికి కొండలు. ఏ పిచ్చీ లేనివాడు కూడా శనివారం వచ్చేసరికి ఏదో ఒక బురదలో దిగి తీరాలి. అంచేత నోలీన్ వ్యాపారానికి ఎన్నడూ ఢోకా లేదు.

దుకాణం నడుమ ఒక వాలుబల్ల ఉంటుంది. కొత్త బూటుతో దాని మీదికెక్కి, కిందికి దిగి చూసుకోవాలి. దిగేటప్పుడు బొటనవేలు ముందుకు తగిలితే ఆ బూటు కొండకు పనికిరాదు. సాయంత్రానికి గోరు నల్లబడుతుంది, వారానికి ఊడుతుంది. నోలీన్ భర్త గోర్డన్ పాత వేలాడే వంతెన పలకలు తెచ్చి చేసిన బల్ల అది. దాని మీద నడిస్తే కొత్త బూటు అడుగునుంచి కాస్త మట్టి రాలుతుంది. ఆ బూటు మున్ముందు ఇంటికి మోసుకొచ్చే మట్టి. చేపలవాడికి తడి ఇసుక, వేటగాడికి నాచు, పరుగులవాడికి గడ్డిగింజలూ దుమ్మూ. కాబట్టి ఎవరికి ఏ బూటో తేల్చడం ఆమెకు పెద్ద పని కాదు. ఊడ్వడమే పెద్ద పని. ఊడ్చిందంతా పెరట్లో పుల్లటి కాడల రుబార్బ్ మొక్కలకు వేస్తుంది. ఎన్ని చోట్ల మట్టి తిన్నదో గానీ, ఆ రుబార్బ్‌కు ఊళ్లో మంచి పేరు.

ఆ గురువారం పొద్దున పాడి రైతు స్టూ బ్లాక్‌లాక్ వచ్చాడు.

"మంచుకొండలెక్కే బూట్లు తియ్యి నోలీన్. గట్టివి. నాసిరకం నాకొద్దు."

"ఉన్ని మేజోళ్లు వేసుకునే వచ్చావా?"

"వేసుకొచ్చా. మా ఆవిడ అల్లింది."

లేసులు బిగించి, బల్ల ఎక్కించి దింపింది. అడుగునుంచి టప్పున పేడ రాలింది. పచ్చిది. ఇద్దరూ కాసేపు దానివంక చూశారు.

"నువ్వు ఏ కొండా ఎక్కవు స్టూ" అంది నోలీన్.

"ఈ ఏడు తప్పకుండా అనుకున్నానే."

"పోయినేడూ ఇదే మాట అన్నావు. మోకాలి దాకా వచ్చే రబ్బరు బూట్లు తీసుకుపో."

"పోనీలే, ఆవులైనా సంతోషిస్తాయి" అని రబ్బరు బూట్లు చంకన పెట్టుకుని వెళ్లిపోయాడు. నోలీన్ ఊడ్చి, తలుపు కాసేపు తెరిచి పెట్టింది.

మధ్యాహ్నం రెండు దాటాక మెర్వ్ వచ్చాడు. గోర్డన్ తమ్ముడు. అరవై ఒకటి నిండాయి, పెళ్లి చేసుకోలేదు, నోలీన్ పెరటి వెనకున్న చిన్నింట్లో ఉంటాడు. చేతిలో పాత వేటబూట్లు పట్టుకొచ్చి కౌంటరు మీద పెట్టాడు. రెండింటి అడుగులూ ఊడి, నాలుకలు చాపిన కుక్కల్లా వేలాడుతున్నాయి.

"చూడు వదినా, వీటి అన్యాయం. పొద్దున తీసి చూస్తే ఇదీ సంగతి."

"వేడినీళ్ల ట్యాంకు అలమరలో పెట్టావా?"

"మరి ఆరొద్దూ?"

"తోలు ఆరుతుంది, బంక చస్తుంది. ఈ ఊరి మగాళ్లకు ఎన్నిసార్లు చెప్పినా అంతే. బూట్లు తెచ్చి తువ్వాళ్ల పక్కన వెచ్చగా పడుకోబెడతారు!"

"మా అమ్మ అలాగే పెట్టేది."

"మీ అమ్మ కాలంలో అడుగులకు మేకులు కొట్టేవాళ్లు. మేకు కరగదు. కూర్చో."

మెర్వ్ కూర్చుని, జేబులోంచి అజీర్తి బిళ్ల తీసి నమిలాడు. ఆ మధ్య తరచూ నములుతున్నాడు.

"శనివారం తెల్లారి బయల్దేరుతున్నా" అన్నాడు. "దుప్పులు జతకోసం రంకెలేస్తున్నాయి. నిన్న సాయంత్రం వంతెన దాకా వినిపించాయి. ఐదు రోజులు, కొండ మీది వేటగాళ్ల గుడిసెలో."

ఏప్రిల్ వచ్చిందంటే మెర్వ్ కాలు ఊళ్లో నిలవదు. నలభై ఏళ్లలో ఒక్క ఏడు కూడా మానలేదు. అన్న ఉన్నన్నాళ్లూ ఇద్దరూ పోయేవాళ్లు. ఈ తొమ్మిదేళ్లుగా ఒక్కడే పోతున్నాడు. వేటే కాదు, చేపలకూ ఒక్కడే, నడకకూ ఒక్కడే.

"కొత్త బూట్లతో ఐదు రోజులా? మడమలు చూసుకో, బూరెల్లా పొంగుతాయి."

"టేపు చుట్టుకుంటాలే."

"ఎవరినైనా తోడు తీసుకుపోరాదూ?"

"దుప్పి ముందు కబుర్లు చెప్పేవాడెందుకు వదినా?"

నోలీన్ లోపలికెళ్లి చీలమండ దాటే తోలుబూట్లు తెచ్చింది. కాలు ముందుకు నెట్టించి, మడమ వెనక వేలు పెట్టి ఖాళీ చూసింది. వేలు సరిగ్గా పట్టింది. లేసులు కింద వదులుగా, మడత దగ్గర బిగువుగా కట్టింది. మెర్వ్ బల్లెక్కి, దడదడా దిగాడు.

"వేలు తగల్లేదు. నా కోసమే కుట్టినట్టున్నాయి. కట్టిచ్చెయ్యి."

నోలీన్ చీపురు పట్టుకుని నిలబడింది. బల్ల మీద ఏమీ లేదు.

"మళ్లీ దిగు" అంది.

మళ్లీ దిగాడు. ఏమీ రాలలేదు. చెక్కపలకలు పొద్దున తుడిచినట్టే శుభ్రంగా ఉన్నాయి.

ఇన్నేళ్లలో అలా జరిగింది ఒకే ఒక్కసారి. తొమ్మిదేళ్ల కిందట గోర్డన్ నది సముద్రంలో కలిసే చోట చేపలు పట్టడానికి కొత్త బూట్లు వేసుకుని చూశాడు. ఏమీ రాలకపోతే నోలీన్ నవ్వి, "పోనీ, నాకో ఊడ్పు తప్పింది" అంది. ఆ మాట ఆమెకు ఇప్పటికీ గుర్తే. ఆదివారం నది పొంగింది. మంగళవారం ఇసుక మేట దగ్గర గోర్డన్ దొరికాడు. కాళ్లకు బూట్లు లేవు. ఆ బూట్లు ఇప్పటిదాకా ఎవరికీ దొరకలేదు. బల్ల చెప్పేది ఇంటికొచ్చే మట్టి సంగతేనని, ఇంటికి రాని బూటుకు మట్టే ఉండదని ఆమెకు అప్పుడు అర్థమైంది. ఎవరికీ చెప్పలేదు. చెబితే తన నవ్వు సంగతి కూడా చెప్పాల్సి వస్తుంది.

"ఈ జత వద్దు" అంది నోలీన్. "అడుగు మెత్తగా ఉండేవి చూద్దాం. చప్పుడు కాదు, వేటకు బాగుంటాయి."

మెత్తటివి వేసి దింపింది. ఏమీ లేదు. గుడ్డబూట్లు వేసింది. ఏమీ లేదు. మంచుబూట్లు, ఇనప మేకులున్నవి, మేకలు కూడా జారే రాతి మీద నిలబెట్టేవి. మెర్వ్ దిగుతున్నాడు, ఎక్కుతున్నాడు, బల్ల మాత్రం నోరు విప్పడం లేదు.

"వదినా, నేను దుప్పి కోసం పోతున్నా, పెళ్లికి కాదు."

"నోరుమూసుకుని కాలు చాపు" అంది నోలీన్.

"వేటకు కాకపోతే ఇంక దేనికైనా పోతావా, ఈ వారం?" అని కాసేపయ్యాక అడిగింది, మామూలుగా అడిగినట్టు.

"దేనికి?"

"చేపలకు. ఏరు దాటే చెప్పులు కొత్తవొచ్చాయి. నీళ్లు ఇటునుంచి వచ్చి అటు పోతాయి."

చెప్పులు వేసింది. ఏమీ లేదు. సముద్రపు రాళ్ల మీద నిలబడే ముళ్లబూట్లు వేసింది. ఏమీ లేదు. కొండదారిలో పరుగెత్తే బూట్లు వేస్తే మెర్వ్‌కు నవ్వొచ్చింది. "నేను పరుగెత్తితే చూసే దిక్కెవరు?" అన్నాడు. తోటపనికి రబ్బరు బూట్లు వేసింది. ఇంటి వెనక పెరట్లో తిరిగినా ఇంత మట్టి అంటాలి కదా! అదీ లేదు. కొండొక్కటే కాదు, పెరడు కూడా ఇతన్ని గుమ్మం దాకా తిరిగి పంపడం లేదు.

అట్టపెట్టెలు కౌంటరు ఎత్తు పేరుకున్నాయి. గడియారం నాలుగు దాటింది. మెర్వ్‌కు అరికాలి మంట నెత్తికెక్కింది.

"చాలు! మొదటి జత కట్టిస్తావా, నన్ను కనుమ దాటి పొమ్మంటావా? వ్యాపారం చేస్తున్నావో నా కాళ్లతో ఆడుకుంటున్నావో తెలీడం లేదు!"

"నీకు నేను బూట్లు అమ్మను."

"ఏం?"

"అమ్మనంటే అమ్మను. కనుమ దాటి పోతానంటే నీ బండి ముందు పడుకుంటాను."

మెర్వ్ ఆమె మొహంలోకి చూశాడు. వదిన వేళాకోళం ఆడే మొహం అతనికి తెలుసు, కోపం తెచ్చుకునే మొహం తెలుసు. ఇది ఆ రెండూ కాదు.

"ఏం వెతుకుతున్నావు వదినా?" అన్నాడు మెల్లగా.

నోలీన్ పక్కనే కూలబడింది. గోర్డన్ బూట్ల సంగతి చెప్పింది. రాలని మట్టి సంగతి చెప్పింది. తన నవ్వు సంగతి కూడా దాచకుండా చెప్పింది. తొమ్మిదేళ్లుగా లోపలే పెట్టుకున్నదంతా ఆ ఐదు నిమిషాల్లో బయటికొచ్చింది. ఏడుపు రాలేదు, ఒళ్లు మండిపోయింది. "ఒకసారి నవ్వి పంపించాను. రెండోసారి పంపించను. నీ ఇష్టం, కోప్పడు, తిట్టు. పంపించను" అంది.



"ఆ రోజు అన్న నన్ను కూడా రమ్మన్నాడు" అన్నాడు మెర్వ్. "బద్ధకించి పోలేదు. నేనూ ఎవరికీ చెప్పలేదు." తర్వాత కాలు ముందుకు చాపాడు. "ఇంకా ఏమున్నాయో తియ్యి."

అక్కణ్ణుంచి ఇద్దరూ ఒకే పట్టు మీద ఉన్నారు. నోలీన్ నిచ్చెనెక్కి పైఅరలు దులిపింది. గోల్ఫు బూట్లు, సైకిలు బూట్లు, పడవ మీద జారని బూట్లు. మెర్వ్ అలిగిన పిల్లాడిలా కాకుండా బుద్ధిగా ఒక్కో జతా వేసుకున్నాడు, ఎక్కాడు, దిగాడు. బొటనవేళ్లతో తొక్కే హవాయి చెప్పులు కూడా వదల్లేదు. చెమటలు కక్కుతూ ఇంకో అజీర్తి బిళ్ల నమిలాడు. ఏమీ రాలలేదు.

ఐదుకు పది నిమిషాలుందనగా, నోలీన్ అటక మీదినుంచి దుమ్ముపట్టిన పెట్టె ఒకటి దించింది. తెల్ల బూట్లు. అడుగు అద్దంలా చదును, మడమ లేదు, గాట్లు లేవు. పచ్చిక మీద బరువైన బంతులు దొర్లించే బౌల్స్ ఆటకు వేసుకునేవి. పచ్చిక మీద గీత పడితే క్లబ్బువాళ్లు ప్రాణాలు తీస్తారు గనక అడుగు అలా ఉండాలి.

మెర్వ్ గభాలున కాళ్లు వెనక్కి లాక్కున్నాడు.

"అవి మాత్రం వద్దు. ఆ తెల్లచొక్కాల ముసలాళ్లలో చేరడం కంటే శవపేటికకు కొలతలిచ్చి రావడం నయం."

"కొలతలిచ్చే పనే చేస్తున్నావు. కాలు పెట్టు."

తొమ్మిదిన్నర నంబరు. మెర్వ్‌ది పది. ఉన్ని మేజోళ్లు విప్పించి, పల్చటివి తొడిగించి, బూటు తొడిగే గరిటెతో మడమ లోపలికి తోసింది. అతను మొహం చిట్లించుకుంటూ బల్ల ఎక్కి, ఒక్కో అడుగూ వేస్తూ దిగాడు.

ఒక గడ్డిపోచ రాలింది.

గోరంత ఉంది. మంగలి కత్తిరించినట్టు రెండు చివరలా సమంగా తెగి ఉంది. తుమ్మితే ఎగిరిపోయేంత పోచ. నోలీన్ ఊపిరి బిగబట్టి వంగింది. మెర్వ్ కూడా వంగాడు.

"నా బతుక్కి ఇదా దొరికింది?" అన్నాడు.

"ఇదే."

"ఎవరికీ చెప్పకు."

"చెప్పకుండా నిన్ను ఆడనిచ్చేదెవరు?" అని నోలీన్ ఫోను తీసింది. బౌల్స్ క్లబ్బు నడిపే నైరీ అవతలనుంచి అరిచినట్టే మాట్లాడుతుంది. ముప్పై ఏళ్లు ఆసుపత్రి వార్డుల్లో పనిచేసి ఆ గొంతు తెచ్చుకుంది.

"మెర్వా? మన మెర్వే? దేవుడా! శనివారం మాకు నాలుగోవాడు లేక ఆట మానుకుందామనుకుంటున్నాం. ఆ ఆటకు నలుగురుండాలి, ఒక్కడు తగ్గినా నడవదు. పదింటికి పంపించు, చొక్కా నేనిస్తా!"

"విన్నావుగా" అంది నోలీన్ ఫోను పెట్టేసి. "ఈ ఒక్క శనివారం. దుప్పులు ఆదివారం కూడా అరుస్తాయి."

మెర్వ్ ఏదో గొణుక్కుంటూ తెల్ల బూట్ల పెట్టె కాగితంలో చుట్టించుకుని పోయాడు, ఎవరి కంటా పడకుండా.

శనివారం నోలీన్ దుకాణం తెరవలేదు. ముప్పై ఒక్క ఏళ్లలో తలుపుకు తాళం పడ్డ మొదటి శనివారం అది. పచ్చిక పక్కనున్న బెంచీ మీద సంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. మెర్వ్‌కిచ్చిన చొక్కా పొట్ట దగ్గర బిగువు, బూట్లు వేళ్ల దగ్గర బిగువు. స్టూ బ్లాక్‌లాక్ కంచె అవతల బండి ఆపి మరీ చూసి, "పెళ్లికొడుకులా ఉన్నావురా!" అని కేకేశాడు. మెర్వ్ అటు తిరిగి చూడలేదు. మొదటి బంతి గట్టు దాటించాడు. రెండోది తిన్నగా వెళ్లి గురిగా పెట్టిన చిన్న తెల్లబంతికి జానెడు దూరంలో ఆగింది. నైరీ చప్పట్లు కొట్టింది. అతను నవ్వు దాచుకోవడం నోలీన్ చూసింది.

మూడో బంతికి వంగినవాడు మళ్లీ లేవలేదు.

ఒక మోకాలి మీద అలాగే ఉండిపోయి, పక్కకు ఒరిగాడు. బంతి చేతిలోంచి జారి తనంతట తాను కొంత దూరం దొర్లింది. నైరీ అప్పటికే పరుగెత్తింది. చొక్కా చింపి, రెండు చేతులూ రొమ్ము మీద వేసి నొక్కుతూ, "గోడకున్న పెట్టె తీసుకురండి! అంబులెన్సుకు చెప్పండి!" అని అరిచింది. గుండె ఆగితే షాకిచ్చే పెట్టె క్లబ్బు గోడకు మూడేళ్లుగా దుమ్ము తింటూ ఉంది. మొదటి షాకుకు లాభం లేకపోయింది. రెండోదానికీ లేదు. మూడోదానికి మెర్వ్ గుండె మళ్లీ కొట్టుకుంది. ఆ గుండె ఏ కొండ మీదో, ఏ ఏటి ఒడ్డునో, పెరటి వెనకో ఆగి ఉంటే చూసే దిక్కుండేది కాదు. నోలీన్ పచ్చిక మీద మోకాళ్ల మీద కూలబడి, మరిది పాదాలు రెండు చేతులా పట్టుకుంది, బూట్లతో సహా.

హెలికాప్టరులో కోస్తా పట్నంలోని ఆసుపత్రికి తీసుకెళ్లారు. ఆమె స్టూ బండిలో వెనకే వెళ్లింది. రొమ్ము కోసి గుండె నాళాలు సరిచేశారు. మనిషికి తెలివి రాలేదు. సాయంత్రం ఒక నర్సమ్మ ప్లాస్టిక్ సంచీ తెచ్చి ఇచ్చింది.

"ఆయన వస్తువులండీ. ఇంటికి తీసుకెళ్లండి."

నోలీన్ సంచీ విప్పింది. గడియారం, అజీర్తి బిళ్లలు, తెల్ల బూట్లు. ఎడమ బూటు తిప్పి చూసింది. చదునైన అడుగుకు గోరంత గడ్డిపోచ అంటుకుని ఉంది.

ఆమెకు సంతోషం కలగలేదు. బల్ల మాటిచ్చింది బూట్లు ఇంటికొస్తాయనే. మనిషి వస్తాడని అది ఎప్పుడూ చెప్పలేదు. ఇప్పుడు ఈ సంచీ పట్టుకుని ఇంటికి పోతే బల్ల మాట చెల్లిపోతుంది, అంతటితో సరి.

"నేను తీసుకెళ్లను" అంది.

"ఇక్కడ ఉంచకూడదండీ. పోతే మా పూచీ కాదు."

"పోవు. నేను ఇక్కడే కూర్చుంటాను. ఆ బూట్లు వేసుకునే ఆయన ఇంటికొస్తాడు. మంచం కింద పెట్టు తల్లీ, ముందువైపు గుమ్మానికి ఉండేట్టు."

"అలా నియమం లేదండీ."

"నియమాలు నువ్వు చూసుకో. బూట్లు నేను చూసుకుంటాను. నా పనే అది."

నర్సమ్మ పెద్దావిడ మొహం చూసి పక్కకు తప్పుకుంది. నోలీన్ తానే వంగి బూట్లు మంచం కింద సర్దింది, పోచ కదలకుండా. నాలుగు రోజులు ఆ కుర్చీ వదల్లేదు. గచ్చు తుడిచే మనిషి వచ్చినప్పుడల్లా కాళ్లు అడ్డంపెట్టి ఆ బూట్లకు కావలి కాసింది. నైరీ బట్టలు తెచ్చి ఇచ్చింది, స్టూ సూపు తెచ్చి ఇచ్చాడు. ఇంటికి పొమ్మని చెప్పే ధైర్యం ఇద్దరికీ లేకపోయింది.

ఐదోనాడు పొద్దున మెర్వ్ కళ్లు తెరిచాడు. పెదాలు ఎండిపోయి ఉన్నాయి. నోలీన్ చెవి దగ్గరగా పెట్టింది.

"ఎవరు గెలిచారు?" అన్నాడు.

అప్పుడు ఏడ్చింది నోలీన్. తొమ్మిదేళ్లదీ కలిపి ఏడ్చింది.

మరో పది రోజులకు స్టూ బండి పెరటి గేటు దగ్గర ఆగింది. నోలీన్ వరండాలో చీపురు పట్టుకుని నిలబడి ఉంది. ముందు రోజే ఆసుపత్రినుంచి వచ్చి అతని చిన్నిల్లంతా దులిపి పెట్టింది. మెర్వ్ ఎవరి చెయ్యీ పట్టుకోనని పంతం పట్టి, మెట్టుకు ఒకసారి ఆగుతూ మూడు మెట్లూ ఎక్కాడు. సగం చిక్కిపోయాడు. కాళ్లకు తెల్ల బూట్లున్నాయి. ఊళ్లో అందరిలాగే వరండాలో ఆగి, గోడ పట్టుకుని, మడమతో మడమ నొక్కి ఎడమ బూటు విప్పాడు.

వాడిపోయి పసుపుపచ్చబడిన గడ్డిపోచ చాప మీద రాలింది.

ఇద్దరూ దాన్ని చూశారు. కొండవైపునుంచి ఆ ఏడాదికి చివరి దుప్పి ఒకటి రంకె వేసింది. మెర్వ్ ఆ వైపు చెవి పెట్టి విన్నాడు, కానీ అటు తిరగలేదు.

"ఇవి సగం నంబరు బిగువు వదినా" అన్నాడు వేళ్లు నిమురుకుంటూ. "పదో నంబరు తెప్పించు. నైరీ వాళ్లకు ఇంకా నాలుగోవాడు దొరకలేదట."

"సోమవారం రా. మధ్యాహ్నం వేళ, కాళ్లు కాస్త ఉబ్బాక" అంది నోలీన్. చీపురు తలుపు వెనక పెట్టేసి, అతనికి టీ పెట్టడానికి లోపలికి వెళ్లింది.